బతికున్న మనిషి కోటు

“కాల్చావా, లేదా?”

మామా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సిద్ధమ్మకు ఇంత భయం వేసేది కాదు. మామా అని పిలవాల్సిన ఆ యజమానురాలు అరిస్తే ఎలా కాచుకోవాలో కువైటులో రుమైథియాలోని ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి నెలలోనే ఆమె నేర్చుకుంది. తల వంచుకుని ‘జైన్ మామా, జైన్’ అని సరేనంటూ చేతిలో పని చేసుకుపోతే ఆ గాలివాన దానంతటదే వెలుస్తుంది. ఇలా నెమ్మదిగా అడిగే మామాకు ఏం జవాబు చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

వంటగది బల్ల మీద అరబ్బీ పేపరు పరిచి ఉంది. అందులో ఒక ఫోటో. మెడ దాకా గుండీలు పెట్టుకున్న పొడుగాటి కోటులో, నెరిసిన జుట్టుతో, కెమెరా ఎక్కడుందో బాగా తెలిసిన మనిషిలా నిలబడి ఉన్నాడు ఉస్తాద్. కోటు ఎడమ మోచేతి మీది అతుకు అచ్చులో కూడా కనిపిస్తోంది.

రష్యా నుంచి నాటకాల బృందంతో వచ్చి, తిరుగు విమానం ఎక్కకుండా మాయమైన ఆ నటుడి కోసం ఊరంతా వెతుకుతున్నారు. ఆయన మాత్రం ఈ వంటగదికి సరిగ్గా పైన, మేడ మీది గదిలో, మేజోళ్ళతో చప్పుడు కాకుండా అటూ ఇటూ నడుస్తున్నాడు.

“పొగ చూశావు కదా మామా,” అంది సిద్ధమ్మ వచ్చీరాని అరబ్బీలో.

“పొగ చూశాను. కోటు చూడలేదు.”

సిద్ధమ్మ గిన్నె తోముతూనే ఉంది. ఆ గిన్నె ఎప్పుడో శుభ్రమైపోయింది.

నిజానికి ఆమె కాల్చలేదు. ఉస్తాద్ వచ్చిన మర్నాడే మామా ఆ కోటును చుట్టి ఆమె చేతిలో పెట్టి, పెరట్లో చెత్త తగలబెట్టే డ్రమ్ములో వేసి బూడిద చెయ్యమంది. సిద్ధమ్మ కిరసనాయిలు తెచ్చింది. అగ్గిపుల్ల గీసింది. చెయ్యి ముందుకు పోలేదు. సిద్ధమ్మ వాళ్ళ వైపు మనిషి పోయాకే వాడి బట్టలు కాలుస్తారు. మేడ మీద కూర్చుని, చక్కెర ముక్క పంట కింద పెట్టుకుని టీ తాగుతున్న మనిషి కోటు తగలబెట్టడమంటే, బతికుండగానే అతనికి కొరివి పెట్టడం. డ్రమ్ములో రెండు పాత పరదాలు వేసి అంటించింది. కోటును బియ్యం సంచిలో కుక్కింది.

మామాకు ఈ ముక్క ఎలా చెప్పడం? చెడ్డ పని చేసినవాళ్ళను నిలదీయవచ్చు. పుణ్యం అనుకుని చేసినవాళ్ళను ఏం చెయ్యాలో మామాకే కాదు, ఎవరికీ తెలియదు.

పెరటి తలుపు తోసుకుని ఖాసిం వలి లోపలికి వచ్చాడు. ఈ ఇంటి కారు నడిపేది అతనే. రాయచోటి మనిషి. సిద్ధమ్మది ఆ పక్క పల్లె కావడంతో ఆమెను చెల్లెలిలా చూసుకుంటాడు, చెల్లెలిని తిట్టినట్టే తిడతాడు కూడా. ఇవాళ అతని మొహంలో రెండూ లేవు.

“సిద్ధమ్మా, ముందు ఆ గిన్నె కింద పెట్టు.”

“చెప్పన్నా.”

“మీ ఆయప్పను పట్కపోయినారు.”

గిన్నె తొట్టిలో పడింది.

“ఏమంటున్నాడు? అరబ్బీలో చెప్పు,” అంది మామా.

ఖాసిం వలి అరబ్బీలో చెప్పాడు. ఎడారి వైపు వఫ్రాలో ఒక తోటలో గొర్రెలు కాసే ఈమె మొగుడు కిరసనాయిలు కొనుక్కోవడానికి అంగళ్ళ దగ్గరికి వచ్చాడట. ఒంటి మీద ఆ కోటు ఉందట. పేపరు చూసిన పోలీసు ఒకడు అతుకు గుర్తుపట్టాడట.

మామా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆమె చూపు సిద్ధమ్మ మీది నుంచి పేపరు మీదికి, పేపరు మీది నుంచి పైకప్పు మీదికి పోయింది. పైన అడుగుల అలికిడి ఆగింది.

“సంచిలో ఏముందమ్మే అంటే పాత గోతాలని చెప్తివి,” అన్నాడు ఖాసిం వలి తెలుగులో, పళ్ళ మధ్య నుంచి. “నా కార్లో, నా పక్కన పెట్టుకోని, నేనే మోసుకపోతి.”

“చలికి వణికిపోతాండాడన్నా. పోయిన తడవ చూస్తివి గదా, దుప్పటి కప్పుకోని గొర్రెల మధ్యన పండుకుంటాండాడు.”

“చలికి ఎవురూ చావరు సిద్ధమ్మా. దీనికి చస్తారు.”

ఆ మాట అన్నాక అతనే నాలిక కరుచుకున్నాడు. కానీ వచ్చిన మాట వచ్చేసింది, సిద్ధమ్మ విననే విన్నది.

“ఎందుకు చస్తారు? కోటు తొడుక్కుంటే చంపుతారా?”

ఖాసిం వలి మామా వైపు చూశాడు. మామాయే చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే సిద్ధమ్మను మరింత భయపెట్టింది.

“కోటు దొరికింది. మనిషి దొరకలేదు. నీ మొగుడే ఆయన్ని చంపి కోటు తీసుకున్నాడని వాళ్ళు అనుకుంటున్నారు.”

“గొర్రెల దొడ్డి చుట్టూ ఇసక తవ్వుతాండారంట,” అన్నాడు ఖాసిం వలి మెల్లిగా. “శవం కోసరం.”

సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చీమను తొక్కినా ‘అయ్యో’ అనే మనిషి ఆయన. ఈనలేక ఈనలేక కన్న గొర్రె పక్కన తెల్లవార్లూ కూర్చునే మనిషి. ఆయన ఇసుకలో ఎవరినో పాతిపెట్టాడట.

“ఉస్తాద్ బతికే ఉన్నాడని చెప్తే అయిపోతుంది కదా మామా?”

“ఎక్కడ బతికి ఉన్నాడని అడుగుతారు.”

“ఎవరో చెప్పారని ఫోన్ చేస్తే?” అన్నాడు ఖాసిం వలి.

“ఆ ఎవరో ఎవరని అడుగుతారు.” మామా పేపరు మడిచింది. “ఆయన్ని పట్టుకుంటే ఆ సాయంత్రమే వాళ్ళ దేశం పంపేస్తారు. అక్కడ ఆయనకు ఏం రాసిపెట్టి ఉందో నాకు తెలియదు, అది తలుచుకుని నిన్ననే ఫోన్లో నా భర్త, మీ బాబా, ఏడ్చాడు. బాబాకు ఆయన గురువు. తండ్రి కంటే ఎక్కువ. కాగితాల కోసం బాబా లండన్లో తిరుగుతున్నాడు, శుక్రవారం వస్తాడు. శుక్రవారం ఉస్తాద్ వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మంచి వకీలును పెట్టి నీ మొగుణ్ణి నేనే విడిపిస్తాను.”

“శుక్రవారం దాకా ఆయన్ని కొట్టకుండా ఉంటారా?”

మామా మడిచిన పేపరును మళ్ళీ మడిచింది.

“వాళ్ళు ఇక్కడికి వస్తారు,” అంది కాసేపటికి. “నెలకోసారి మన కారు ఆ తోట దాకా పోతుందని ఆ తోట యజమాని కఫీల్‌కు తెలుసు. వస్తే నువ్వు ఒకటే మాట చెప్పు. ఆ మనిషి ఎవరో నీకు తెలియదు. నీ మొగుడు హింద్‌లో ఉన్నాడు. ఒక్క మాట. ఖలాస్.”

“మామా...”

“లేకపోతే ఇల్లంతా వెతుకుతారు. ఉస్తాద్ పోతాడు, బాబా పోతాడు. నువ్వూ, ఖాసిం వలీ ఏమైపోతారో నేను వేరే చెప్పాలా?”

అక్కర్లేదు. యజమాని తప్పు చేస్తే పనివాళ్ళ ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కాగితం, ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మామా చెడ్డది కాదు. సిద్ధమ్మకు జ్వరం వస్తే తన చేత్తో మాత్ర వేసింది. ఇప్పుడు కూడా తన ఇల్లు కాపాడుకోవాలనే చూస్తోంది. అయితే ప్రతి మనిషికీ ఒక ఇల్లు ఉంటుంది, సిద్ధమ్మ ఇల్లు ఇప్పుడు వఫ్రా పోలీసు స్టేషన్లో నేల మీద కూర్చుని ఉంది. ఆ సంగతి ఈ వంటగదిలో ఎవరికీ పట్టినట్టు లేదు.

* * *

మధ్యాహ్నం అన్నం పళ్ళెం పట్టుకుని మేడ ఎక్కింది.

గది గడియ బయటి వైపే ఉంది. అది మామా ఏర్పాటు. మొదట్లో ఒకసారి ఉస్తాద్ ఏదో ఆలోచనలో పడి నాటకంలో మాటలు అనుకుంటూ మెట్లు దిగి హాల్లోకి వచ్చేశాడు. ఆ వేళ చుట్టాలెవరూ లేకపోవడం అదృష్టం. అప్పటి నుంచి గడియ వేసి ఉంటుంది. భోజనం వేళకు తీస్తారు, పళ్ళెం తీసుకుని మళ్ళీ వేస్తారు.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద శరీరం, చిన్న మంచం. కాళ్ళ దగ్గర తోలు బూట్లు తుడిచి జతగా పెట్టి ఉన్నాయి. ఈ గదిలో వాటిని తొడుక్కునే అవకాశం లేకపోయినా రోజూ తుడుస్తాడు. అరబ్బు కుర్రాళ్ళకు ఏళ్ళ తరబడి నటన నేర్పినవాడు కాబట్టి ఆయనకు అరబ్బీ వచ్చు. సిద్ధమ్మ అరబ్బీ లాంటిదే, అడ్డదిడ్డంగా. అందుకే వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి బాగా తెలిసేది.

“ఇవాళ కింద గొడవ,” అన్నాడు ఆయన. “నా గురించేనా?”

“నీ కోటు గురించి.”

ఆయన నవ్వాడు. “కాల్చేశారు కదా. మంచి పని. దాన్ని నేనే ఎప్పుడో కాల్చాల్సింది. ధైర్యం చాలలేదు.”

“ఏముంది అందులో?”

అడగకూడదనుకుంటూనే అడిగింది. మొగుణ్ణి పట్టించిన కోటు. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునే హక్కు తనకు ఉందనుకుంది.

ఆయన చెంచా పక్కన పెట్టాడు. తను ఓల్గా నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పుట్టానన్నాడు. తల్లి బట్టలుతికేదట. నాటకశాల నేల తుడిచే పనికి కుదిరి, తుడుస్తూ తుడుస్తూ అందరి మాటలూ నోటికి పట్టేశాడట. ఒకనాడు వేషగాడు ఎవడో తాగి పడిపోతే, చీపురు మూలన పెట్టి తను రంగస్థలం ఎక్కాడట. యుద్ధంలో లారీల మీద నిలబడి సైనికులకు నాటకాలాడాడట. తర్వాత పెద్ద నగరం, పెద్ద నాటకశాల. రాజుల వేషాలు.

“ఆ తర్వాత సినిమా. ఆ కోటు ఆ సినిమాది.”

“వేషం కోటా?”

“వేషం కోటే. యుద్ధం నుంచి ఒకడు ఇంటికి వస్తాడు. ఊరి నిండా శత్రువులు. గుమ్మంలో వాడి పెళ్ళాం నిలబడి ఉంటుంది. సిపాయి అడుగుతాడు, ఇతను నీకు తెలుసా అని. తెలుసంటే ఇంట్లో దాక్కున్నవాళ్ళంతా చస్తారు. ఆమె తెలియదంటుంది. వాడు మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగి మంచులో నడిచి వెళ్ళిపోతాడు. అంతే. నా మొహం కూడా కనిపించదు. కోటు వీపు, మోచేతి అతుకు. మా దేశం మొత్తం ఆ అతుకును చూసి ఏడ్చింది.”

మామా ఈ సినిమా చూసిందా? చూసే ఆ మాట చెప్పమందా? చూసి ఉండదు. భయపడినవాళ్ళందరికీ ఒకే ఉపాయం తడుతుంది, అది సినిమాలోనైనా వంటగదిలోనైనా.

“ఆ తర్వాత ఆమె ఏమైంది? ఆ పెళ్ళాం?”

“ఎవరు, ఆ వేషం వేసినామేనా? కెమెరా ఆగగానే కళ్ళు తుడుచుకుని, బూట్లలో మంచు దులుపుకుని టీ తాగింది. అది సినిమా కదా.”

“అంత పేరొచ్చినోడివి, ఇట్లా ఎందుకొచ్చావు?”

ఆయన కిటికీ పరదా వైపు చూశాడు. ఆ పరదా తీయడానికి వీల్లేదు.

“నా స్నేహితుడు ఒక నాటకం రాశాడు. అది పెద్దవాళ్ళకు నచ్చలేదు. అతన్ని తిడుతూ రాసిన కాగితం మీద అందరూ సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. ధైర్యం వల్ల కాదు. ఒళ్ళు బాగాలేదని ఇంట్లో పడుకున్నాను. అతన్ని తీసుకెళ్ళారు. నేను ఇంకా పడుకునే ఉన్నాను. అటూ కాలేదు, ఇటూ కాలేదు. ఆ తర్వాత నా వేషాలు చిన్నవైపోయాయి. రాజు పోయి మంత్రి, మంత్రి పోయి బంటు. ఇక్కడికి వచ్చిన నాటకంలో టీ పళ్ళెం పట్టుకుని వచ్చి పెట్టేసి పోతాను. ఒక్క మాట కూడా లేదు. తిరిగి వెళ్ళాక అదీ లేదని బయల్దేరే ముందు చెవిలో వేశారు. ఇంకా ఏదో ఉందని కూడా అన్నారు. ఏమిటో అడిగే ధైర్యం లేకపోయింది.” ఆయన చేతులు చాపి చూసుకున్నాడు. “వేదిక మీద నాకు భయం తెలియదు సిద్ధమ్మా. దిగితే తప్ప.”

ఇక ఆపుకోలేకపోయింది.

“కోటు కాల్చలేదు ఉస్తాద్. మా ఆయనకిచ్చినాను. నిన్ను చంపి తీసుకున్నాడని ఆయన్ని పట్టుకున్నారు. ఇసక తవ్వుతున్నారు, నీ కోసం.”

ఆయన మొహం రంగు మారడం ఆమె చూసింది. వేషాలు వేసినవాడు మొహంలో ఏదైనా దాచగలడని అనుకునేది. ఏదీ దాచలేదు. మెల్లిగా లేచి, గోడకు చేరగిలబడి, ఏదో వాళ్ళ భాషలో అన్నాడు. తర్వాత అరబ్బీలో అన్న మాట ఆమె ఎన్నటికీ మరిచిపోలేనిది.

“శుక్రవారం దాకా చెప్పొద్దు.”

“ఏమన్నావు?”

“శుక్రవారం దాకా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను ముసలివాణ్ణి. నన్ను అక్కడికి పంపొద్దు.”

నిజంగానే వంగబోయాడు. సిద్ధమ్మ వెనక్కి జరిగింది. అంత పెద్ద మనిషి, తల్లి బట్టలుతికి పెంచిన మనిషి, తన కాళ్ళ మీద పడబోవడం చూసి జాలి కలగలేదు. కోపం వచ్చింది.

“నీకు భయం. నాకూ భయమే. మామాకూ భయం, ఖాసిమన్నకూ భయం. అందరి భయమూ కలిపి ఆయన ఒక్కడి ఒంటి మీద తొడిగినాము. ఆయనకు సినిమా తెలీదు. ఆయన మొహం కనబడుతుంది, ఆయన్ని కొడితే రక్తం వస్తుంది.”

సగం అరబ్బీ, సగం తెలుగు. ఎంత అర్థమైందో తెలియదు. ఆయన మళ్ళీ మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దూర్చుకుని, బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ముట్టని పళ్ళెం తీసుకుని ఆమె బయటికి వచ్చి తలుపు వేసింది. గడియ మీద చెయ్యి పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. కింద నుంచి మామా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది.

చెయ్యి తీసేసింది. గడియ వెయ్యకుండానే మెట్లు దిగింది.

* * *

“గడియ పెట్టినావా?” అన్నాడు ఖాసిం వలి.

“పెట్టినా.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధమని తెలిసిందో లేదో. తెలిసినా పైకి వెళ్ళి చూడలేదు. వంటగది గుమ్మంలో మునికాళ్ళ మీద కూర్చుని టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

“ఏం చెప్తావు వాళ్ళొస్తే?”

“నువ్వేం చెప్పమంటావన్నా?”

“నన్నడగొద్దు. నేను మంచోణ్ణి గాదు. నాకు మామా మాటే మేలనిపిస్తాండాది. ఒగ మాట అంటే మూడు ఇండ్లు నిలబడతాయి.” ఆగాడు. “అట్లని అనుకుంటాండా. మళ్ళా మీ ఆయప్ప మొగం గుర్తొస్తాండాది. ఆ తూరి నేను పోయినప్పుడు నాకోసరమని కోడిగుడ్లు దాచిపెట్టిన్నాడు.”

“ఆ మాటలు ఇప్పుడొద్దు.”

“సరే. గమ్మునుంటా.”

గమ్మున ఉండటం అతని వల్ల కాదు. “నీకు ఇంకొగ కష్టం లేదులే,” అన్నాడు, నవ్వు తెప్పించాలని. “ఆయప్ప పేరేందని వాళ్ళడిగినా నీ నోట రాదు గదా.”

అది ఆ ఇద్దరి మధ్య పాత వేళాకోళం. కువైటు విమానాశ్రయంలో దిగిన రోజు ఆఫీసరు మొగుడి పేరు అడిగితే సిద్ధమ్మ సిగ్గుపడి నేల చూపులు చూసింది. వరసలో వెనక నిలబడిన వాళ్ళ ఊరి మద్దమ్మ అందించాల్సి వచ్చింది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని సిద్ధమ్మ అమ్మమ్మ చెప్పింది, అమ్మ చెప్పింది. పెళ్ళినాడు ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడి, పేరు చెప్పందే లోపలికి రానివ్వమంటే ఒక్కసారి చెప్పింది. అదీ వినీ వినబడకుండా. ‘ఆయప్ప’, ‘పిల్లోల్ల నాయన’. ఇన్నేళ్ళ కాపురమూ ఆ రెండు మాటలతోనే గడిచింది.

సిద్ధమ్మ నవ్వలేదు. ఖాసిం వలి టోపీ పెట్టుకున్నాడు.

అప్పుడే బయట జీపు ఆగింది.

* * *

ఆఫీసరు మర్యాదస్తుడు. గేటు దగ్గర మామాకు సలాము చెప్పాడు, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమన్నాడు. ఇంటి యజమాని ఊళ్ళో లేడని తెలిసి లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. ఆయన అంత మర్యాదగా ఉండటం చూసి సిద్ధమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

జీపులోంచి ఇద్దరు పోలీసులు మనిషిని దింపారు.

కోటు అలాగే ఉంది. ఉస్తాద్‌కు సరిపోయిన కోటు ఈయనకు మడమల దాకా వచ్చింది. చేతులు ఆ పొడుగు చేతుల్లో మునిగిపోయాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. జుట్టు నిండా ఇసుక.

తవ్వించింది కూడా ఈయన చేతనే కాబోలు. ఆ ఆలోచన రాగానే సిద్ధమ్మ గడప పట్టుకుంది.

“కోటు దారిలో దొరికిందంటాడు,” అన్నాడు ఆఫీసరు. “ఎన్నిసార్లు అడిగినా అదే. ఈ దేశంలో నాకెవరూ లేరంటాడు. తోట యజమానేమో ఇతని పెళ్ళాం ఈ ఇంట్లో పని చేస్తుందంటాడు. ఎవరి మాట నమ్మను?”

“మా పనిమనిషి మొగుడు హింద్‌లో ఉన్నాడు,” అంది మామా. గొంతు వణకలేదు. చేతిలో జపమాల మాత్రం ఒక్క పూస దగ్గరే ఆగిపోయింది.

ఆఫీసరు ఖాసిం వలి వైపు తిరిగాడు. “నీకు వీళ్ళ భాష తెలుసు కదా. ఇతన్ని అడుగు. ఈమె ఎవరో అడుగు.”

ఖాసిం వలి గొంతు సవరించుకున్నాడు. “ఈయమ్మ ఎవురో నీకు ఎరికేనా అని అడగతాండాడు.”

బాగున్న కంటితో ఆయన సిద్ధమ్మ వైపు చూశాడు. చాలా కొద్దిసేపే చూశాడు. పెళ్ళాం మొహాన్ని అంతకంటే ఎక్కువ సేపు చూస్తే దొరికిపోతానని ఆయనకు ఎవరు నేర్పారో.

“నాకు ఎరిక లేదన్నా. ఎవురో యమ్మ. వాళ్ళ జోలికి పోవొద్దని చెప్పు. ఆ కోటు నాకు దోవలో దొరికింది.”

ఖాసిం వలి అదంతా అరబ్బీలోకి మార్చి చెప్పాడు. చెబుతూ గేటు ఇనుప కడ్డీల వైపు చూశాడు.

ఆఫీసరు ఇక సిద్ధమ్మ వైపు తిరిగాడు. నెమ్మదిగా, ఆమెకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి అన్నాడు. “అమ్మా, నువ్వు చెప్పు. ఇతను నీకు తెలుసా? తెలియకపోతే తెలియదని చెప్పు, మేము పోతాం. ఇతని సంగతి వేరే చోట తేలుతుంది. తెలిస్తే ఇతని పేరు చెప్పు.”

మామా చూపు వీపు మీద ఆనినట్టు తెలుస్తోంది. తెలియదు అన్న మాట అరబ్బీలో చాలా చిన్నది. రోజుకు పదిసార్లు ఆమె నోట పలికే మాటే. అంటే చాలు, జీపు వెళ్ళిపోతుంది. ఈయన వీపు కనిపిస్తుంది, మోచేతి అతుకు కనిపిస్తుంది. కెమెరా ఆపేవాళ్ళు ఉండరు. టీ ఇచ్చేవాళ్ళు ఉండరు. శుక్రవారం వస్తుంది, అందరూ క్షేమంగా ఉంటారు, ఈయన తప్ప.

పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంది అమ్మమ్మ. పలకకపోతే ఏమవుతుందో అమ్మమ్మ చెప్పలేదు.

“గురప్ప,” అంది సిద్ధమ్మ.

అంత గట్టిగా వస్తుందని తనూ అనుకోలేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

“మా ఆయన. పేరు గురప్ప. నా మొగుడు.”

గురప్ప తల ఎత్తాడు. పెళ్ళినాడు గుమ్మంలో విన్న తర్వాత ఆమె నోట ఆ మాట వినడం ఇదే. పోలీసు స్టేషన్లో చెక్కుచెదరని మనిషి, వాచిన కన్నుతో పాటు బాగున్న కన్ను కూడా మూసుకుని, ఆ పొడుగాటి కోటులో నిలబడి ఏడవడం మొదలుపెట్టాడు.

“ఎందుకంటివే,” అన్నాడు. “ఎందుకంటివే సిద్ధీ.”

ఆఫీసరు మామా వైపు చూశాడు. ఇందాకటి మర్యాద ఆయన మొహంలో లేదు.

“హింద్‌లో ఉన్నాడన్నారు,” అని మామాతో అని, సిద్ధమ్మ వైపు తిరిగాడు. “మరి కోటు? కోటు ఇతనికి ఎవరిచ్చారు?”

సిద్ధమ్మ నోరు తెరిచింది. మొదటి మాట చెప్పేశాక రెండోది తేలికగా వస్తుందనుకుంది. రాలేదు. నేనే ఇచ్చానంటే, నీకెవరిచ్చారని అడుగుతాడు. ఆ జవాబు ఈ ఇంటి పైకప్పు కింద ఉంది. కాళ్ళు పట్టుకుంటానంటూ వంగిన ఆ తెల్లటి తల కళ్ళ ముందు మెదిలింది. కోపం ఇంకా ఉంది. అయినా నోరు రాలేదు.

“చెప్పు,” అన్నాడు ఆఫీసరు.

లోపల, మేడ మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

ఆ ఇంట్లో గడప లోపల ఎవరూ బూట్లు తొడుక్కోరు. మామా జపమాల జారి కింద పడింది. ఖాసిం వలి సిద్ధమ్మ వైపు చూశాడు, గడియ సంగతి అప్పుడు తెలిసింది అతనికి. పోలీసులిద్దరూ తలలు తిప్పారు.

ఒక్కో మెట్టూ దిగుతూ వస్తున్నాయి బూట్లు. తొందర లేకుండా, బరువుగా. సగం మెట్ల దాకా వచ్చి ఆగిపోయాయి.